వాన పడిందా? బడి పిల్లలే లెక్క చెబుతారు!

ఆదివారం పొద్దున. కౌలాలంపూర్‌లో ఎనిమిదైతే మన ఊళ్లో ఇంకా ఐదున్నరే. అయినా ఆగలేం. వారమంతా డ్యూటీలు, ఓవర్‌టైములు. దొరికేది ఈ ఒక్క పూటే. ఫోన్ కలుస్తుంది.

‘అందరూ బాగున్నారా?’ అన్నది మొదటి మాట. ‘డబ్బులు అందాయా?’ అన్నది రెండోది. మూడో మాట మనవాళ్లలో చాలామంది నోట ఒకటే.

‘వాన పడిందా?’

పామాయిల్ తోటలో గెలలు కోస్తున్నా, హోటల్లో గిన్నెలు కడుగుతున్నా, పదిహేనో అంతస్తు మీద సెంట్రింగ్ పని చేస్తున్నా ఈ ప్రశ్న మాత్రం మనల్ని వదలదు. అవతలి నుంచి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ‘ఏదో పడిందిలే’, ‘మొన్న కాస్త జల్లు కొట్టింది’, ‘ఈసారి మామిడికి పూత బాగానే వచ్చింది కానీ నిలిచేట్టు లేదు’. అంతే. ఎంత పడింది? ఏ రోజు పడింది? పూత ఎప్పుడొచ్చింది, పోయినేడు ఎప్పుడొచ్చింది? అడిగితే ఎవరూ చెప్పలేరు. రాసిపెట్టినవాళ్లు లేరు కాబట్టి.

ఆ లెక్క రాసిపెట్టే పని మీ ఇంట్లోనే ఒకరు చేయగలరు. ఆరో తరగతో, ఏడో తరగతో చదువుతున్న మీ పిల్లాడో, పాపో! ప్రపంచంలో చాలాచోట్ల బడి పిల్లలు ఇదే పని చేస్తున్నారు. వాతావరణం మారితే మొక్కలు ఎలా మారుతున్నాయో చూసి, రాసి, శాస్త్రవేత్తలకు అందిస్తున్నారు. దీన్నే ‘పౌర విజ్ఞానం’ అంటున్నారు. పేరు పెద్దదే కానీ పని చిన్నదే. చూడటం, రాయటం, మానకుండా ఉండటం. ఈ వారం మేం ఆ సంగతే చెప్పబోతున్నాం.

చలి దేశంలో పూల కుండీలు

ముందు మనకు బాగా దూరమైన దేశం కథ చూద్దాం. పద్ధతి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బ్రిటన్‌లోని వేల్స్ జాతీయ మ్యూజియం వాళ్లు 2005లో ఒక పథకం మొదలుపెట్టారు. బడి పిల్లలకు డాఫొడిల్ పూల దుంపలు ఇస్తారు. మన ఉల్లిగడ్డలా ఉండే దుంపలవి. అక్టోబరులో పిల్లలు వాటిని బడిలోనే కుండీల్లో నాటుతారు. అక్కణ్నుంచి చలికాలమంతా బడి ఉన్న రోజుల్లో ఎండ ఎన్ని డిగ్రీలుందో, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కొలిచి రాస్తారు. వారానికోసారి ఆ లెక్క మ్యూజియానికి పంపుతారు. చివరికి పువ్వు విచ్చుకున్న తేదీ, మొక్క ఎత్తు కూడా రాస్తారు.

ఇందులో గొప్పేముంది అనిపించొచ్చు. ఒక కుండీ చూస్తే ఏమీ లేదు. కానీ దేశం నలుమూలలా వేలమంది పిల్లలు ఒకే రకం దుంపను, దాదాపు ఒకే సమయంలో నాటి, ఒకే పద్ధతిలో కొలుస్తున్నారు. ఏటా ఇదే పని. అప్పుడు తెలుస్తుంది... వెచ్చగా గడిచిన ఏడాది పువ్వు ఎంత ముందొచ్చింది, చలి ముదిరిన ఏడాది ఎన్నాళ్లు ఆలస్యమైంది, ఎండ తక్కువైన చోట ఏమైంది అని. ఇంత విస్తారంగా చూడాలంటే ఏ శాస్త్రవేత్త జీతం, ఏ జీపు పెట్రోలు చాలదు. పిల్లలకైతే ఆ కుండీ బడి వరండాలోనే ఉంది!

అమెరికాలో పుట్టిన ‘గ్లోబ్’ అనే కార్యక్రమం కూడా ఇలాంటిదే. 1995లో మొదలై ఇప్పుడు 120కి పైగా దేశాలకు పాకింది. వాన, ఎండ, నేల, చెట్ల ఆకులు... వీటన్నిటినీ బడి పిల్లలే కొలుస్తారు. మన దేశం 2000లో దాంట్లో చేరింది.

రేల పువ్వుకు తొందరెందుకు?

ఇప్పుడు మన పక్క రాష్ట్రానికి వద్దాం. కేరళవాళ్లకు ఏప్రిల్ మధ్యలో విషు పండగ. మనకు ఉగాది పచ్చట్లోకి వేపపువ్వు ఎలాగో, వాళ్లకు విషు రోజు పొద్దున కళ్లు తెరవగానే చూడ్డానికి ‘కణికొన్న’ పువ్వు అలాగ. పచ్చగా గుత్తులు గుత్తులుగా వేలాడే ఆ పువ్వును మనం రేల అంటాం. అడవి పక్క ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. అది పండగ టైముకు పూస్తుందని తరతరాలుగా నమ్మకం. కానీ ఇటీవలి ఏళ్లలో చాలాచోట్ల ఫిబ్రవరిలోనే పూసేస్తోంది. పండగనాటికి రాలిపోతోంది.

ఇది పెద్దవాళ్లు అరుగు మీద చెప్పుకునే మాటగానే మిగిలిపోయేది. అలా కాకుండా లెక్కగా మార్చే పని ‘సీజన్‌వాచ్’ చేపట్టింది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం కలిసి 2010 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాయి. పద్ధతి చాలా తేలిక. ఒక చెట్టు ఎంచుకోవాలి. వారానికోసారి దాని దగ్గరికెళ్లి చూడాలి. లేతాకులు ఉన్నాయా, ముదురాకులా, ఎండుటాకులా? మొగ్గలా, విచ్చిన పూలా? పిందెలా, పండ్లా? ప్రతిదానికీ మూడే జవాబులు... లేవు, కొన్ని, చాలా. అంతే!

కేరళలో ఈ పనికి బడులే వెన్నెముకయ్యాయి. మాతృభూమి పత్రిక నడిపే ‘సీడ్’ కార్యక్రమం బడులను కలిపింది. పిల్లలు మామిడి, పనస, చింత, రేల చెట్లకు కాపలాదార్లయ్యారు. వాళ్లు పోగు చేసిన లెక్కల ఆధారంగా 2021లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో పరిశోధన వ్యాసం వచ్చింది. మన ఉష్ణదేశాల చెట్లు ఎప్పుడు చిగురిస్తాయి, ఎప్పుడు పూస్తాయి అన్నదానికి ముందుగా ఒక ప్రాథమిక లెక్క ఉండాలి. అది ఉంటేనే రేపు ఏం మారిందో చెప్పగలం. ఆ పునాది వేసినవాళ్లలో బడి సంచి భుజాన వేసుకున్న పిల్లలున్నారు.

ఇది కేరళకే పరిమితం కాదు. దేశంలో ఏ ఊరి నుంచైనా చేరొచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్లో యాప్ కూడా ఉంది.

మలేసియాలో కాలాలే లేవా?

‘ఇదంతా బాగుంది కానీ, మేముండేది మలేసియాలో. ఇక్కడ ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఒకటే వాన. ఇక్కడి చెట్టుకు కాలమేం తెలుస్తుంది?’ అని మీరడగొచ్చు. సగం నిజమే. తూర్పు తీరం వదిలేస్తే ఇక్కడ నెలకూ నెలకూ సగటు వేడిలో తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు. మన దగ్గరిలా సంక్రాంతికి చలి, రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఎండ లేవు. మనకు కనిపించదు కానీ, చెట్టుకు మాత్రం అన్నీ తెలుస్తాయి.

రబ్బరు తోటల్లో పనిచేసే మనవాళ్లను అడగండి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి చెట్లు బోసిపోతాయి. ఆకులన్నీ ఎర్రబడి రాలతాయి. దీన్నే ఎస్టేట్లలో ‘వింటరింగ్’ అంటారు. చలికాలం లేని దేశంలో చలికాలం పేరు! అసలు కారణం చలి కాదు, ఆ నెలల్లో వాన తగ్గడం. కొత్త చిగురు వచ్చేదాకా పాలు తగ్గుతాయి. ఆ చిగురు మీద తేమ, మంచు పట్టుకుంటే బూడిద తెగులు పడుతుంది. లేతాకు మళ్లీ రాలుతుంది. చీకటితోనే లేచి పాలు గీయడానికి వెళ్లేదీ వాతావరణం వల్లే. ఎండ ఎక్కితే ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంది, చెట్టు లోపలి ఒత్తిడి పడిపోతుంది, పాలు సరిగా కారవు. వాన పడితే గీత తడిసి పాలు పాడవుతాయి. ఆ రోజు కూలీ కూడా పోతుంది.

పామాయిల్ కథ ఇంకా విచిత్రం. కరువు పట్టినప్పుడు ఆ చెట్టు ఆడ పూగెలలు తగ్గించి మగ పూగెలలు ఎక్కువ వేస్తుంది. మగ పూగెల కాయదు. ఆ దెబ్బ వెంటనే కనిపించదు. ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత గెలలు తగ్గినప్పుడు తెలుస్తుంది. అంటే టన్నుల లెక్కన కూలీ తీసుకునేవాళ్లకు ఈ నెల తగ్గిన రింగిట్ల వెనక ఎప్పుడో రెండేళ్ల కిందటి ఎండ ఉండొచ్చు. 2015-16 ఎల్‌నినో గుర్తుందా? 2016 మార్చిలో వేడికి తట్టుకోలేక పెర్లిస్, కెడా రాష్ట్రాల్లో 250కి పైగా బడులు మూసేశారు. మలేసియా ముడి పామాయిల్ ఉత్పత్తి 2015లో 199.6 లక్షల టన్నులుంటే 2016లో 173.2 లక్షల టన్నులకు పడిపోయింది. దేశంలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక వేడి 40.1 డిగ్రీలు. అది కూడా ఎల్‌నినో ఏడాదే. 1998 ఏప్రిల్ 9న పెర్లిస్‌లోని చుపింగ్‌లో నమోదైంది.

అడవి చెట్లది మరో వింత. ఇక్కడి పెద్ద అడవుల్లో చాలా రకాల చెట్లు ఏటా పూయవు. రెండేళ్లు, ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు ఆగి, అన్నీ ఒక్కసారే పూస్తాయి. నెగెరి సెంబిలాన్‌లోని పాసో అడవిలో, సారవాక్‌లోని లాంబిర్‌లో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెట్లకు నంబర్లు కట్టి చూస్తున్నారు. మామూలు కన్నా రెండు డిగ్రీలు చల్లబడిన కొన్ని రాత్రులు, వాటితో పాటు కొన్నాళ్ల వాన లోటు... ఇవే సైగ కావచ్చని తేల్చారు. మనం దుప్పటి కూడా కప్పుకోనంత చిన్న తేడా. అడవి మొత్తానికి అదే పండగ పిలుపు!

డురియన్ సంగతి మీరు బజార్లోనే చూస్తారు. కొన్నాళ్లు పొడిగా ఉంటే పూతకొస్తుంది. పూత మీద గట్టి వాన పడితే రాలిపోతుంది. ఆ ఏడాది కాయ ధర ఆకాశంలోనే! కాబట్టి ఇక్కడ కాలాలు లేవని కాదు. వాటిని చూసే కన్ను మనకు ఇంకా అలవాటు కాలేదంతే.

తాతల నాటి కళ్లు

ఆ కన్ను మన తెలుగువాళ్లకే ఇక్కడ ఒకప్పుడు బాగా ఉండేది. 1877లో పెరాక్‌లోని కౌలాకాంగ్సార్‌లో తొమ్మిది రబ్బరు మొక్కలు నాటారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ తర్వాత లేచిన తోటల్లోకి విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు ఓడలెక్కి వచ్చారు. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసను ఆపేదాకా ఆ రాకపోకలు సాగాయి. ఉండిపోయినవాళ్లు బగాన్‌దాతో లాంటి చోట్ల ఊళ్లకు ఊళ్లే కట్టుకున్నారు. 1955లో సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ బలం వాళ్లదే.

ఆ తోటల్లో పుట్టి పెరిగిన ముసలివాళ్లతో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. ఏ నెలలో ఆకు రాలుతుంది, ఏ గాలి వస్తే నాలుగు రోజులు పనుండదు, కొండ మీద మబ్బు ఎటు కదిలితే సాయంత్రం వాన... అన్నీ నోటికి వచ్చు. కానీ ఎక్కడా రాసి లేదు. తోటలు ఫ్లాట్లయ్యాయి. పిల్లలు పట్నాలకు వెళ్లారు. ఆ పెద్దాయన పోతే ఆ లెక్క కూడా ఆయనతోనే పోతుంది.

మన ఊళ్లో జరుగుతున్నదీ ఇదే కాదా? మనకు ఇరవై ఏడు కార్తెలున్నాయి. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. మృగశిరకు దుక్కి, ఆరుద్రకు విత్తనం అంటూ మన రైతులు వానకూ పైరుకూ ఉన్న సంబంధాన్ని క్యాలెండర్‌గా కట్టుకున్నారు. మామిడికి డిసెంబరు, జనవరిల్లో పొడి చలి ఉంటే పూత బాగా వస్తుందనీ, ఆ టైములో మబ్బు పట్టినా, అకాల వాన పడినా తేనెమంచు పురుగు, బూడిద తెగులు తగులుకుంటాయనీ మీకు ఎవరూ బడిలో చెప్పలేదు. నాన్న వెనకాల తోటలో తిరిగితే వచ్చింది.

మరి మీ పిల్లలు ఎవరి వెనకాల తిరుగుతున్నారు?

ఇది చెప్పడానికి మాకే కష్టంగా ఉంది కానీ చెప్పక తప్పదు. పని పర్మిట్ మీద వచ్చిన కూలీలకు ఇక్కడికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. మూడేళ్లో, ఐదేళ్లో పిల్లలు మన కళ్ల ముందు లేకుండానే పెరుగుతారు. పొలం ఎండి, అప్పు తీర్చడానికి వచ్చినవాళ్లు మనలో ఎంతమందో! ఏ వాన కోసమైతే మనం ఊరు వదిలామో, ఆ వాన గురించి మన పిల్లలకు మనం చెప్పే అవకాశమే లేకుండా పోతోంది. డబ్బు పంపుతున్నాం సరే. మనకు తెలిసింది కూడా పంపాలి కదా.

అందుకే మేం ఈ నోటుబుక్కు సంగతి ఎత్తింది.

ఇలా మొదలుపెట్టండి

ఖర్చు దాదాపు లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, ఒక స్కేలు చాలు. ఈ ఆదివారం ఫోన్లో పిల్లలకు ఇలా చెప్పండి.

ఒకటి, చెట్టు. ఇంటి ముందో, బడి ఆవరణలోనో, దారిలోనో రోజూ కనిపించే చెట్టు ఒకటి ఎంచుకోమనండి. వేప, మామిడి, చింత, రేల, ఏదైనా సరే. దానికి ఒక పేరు పెట్టమనండి. వారంలో ఒకే రోజున చూడాలి. ఆకు, పూత, కాయ... మూడింటికీ ‘లేవు, కొన్ని, చాలా’ అని రాయాలి. కొమ్మల్లో మూడో వంతు కన్నా తక్కువుంటే ‘కొన్ని’, ఎక్కువుంటే ‘చాలా’ అనుకుంటే తికమక ఉండదు. చెట్టు ఎక్కక్కర్లేదు. కింద నిలబడి చూస్తే చాలు.

రెండు, వాన. సీసా పైభాగం కోసి, తలకిందులు చేసి గరాటులా అదే సీసాలో పెట్టాలి. అడుగు గుండ్రంగా, గుంటలుగా ఉంటుంది కాబట్టి అక్కడ గులకరాళ్లు వేసి, సీసా నిటారుగా మొదలయ్యే చోటిదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీయాలి. ఆ గీతే సున్నా. పక్కన స్కేలు అంటించాలి. చెట్టు నీడ, చూరు నీళ్లు పడని చోట, గాలికి పడిపోకుండా పెట్టాలి. వాతావరణ శాఖ మన దేశంలో వాన లెక్కను పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తుంది. పిల్లలూ అదే టైముకు చూడటం మంచిది. బడికి వెళ్లే ముందు ఒక్క నిమిషం పని. చూశాక మళ్లీ నీళ్లు సున్నా గీత దగ్గరికి తేవాలి. ఎండ కాలంలో ఆ నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి వాన వచ్చేలా ఉన్నప్పుడు గీత దాకా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఆ లెక్కన మీ చేనులో ఎన్ని లీటర్లు పడ్డాయో పిల్లలే కడతారు.

మూడు, ఎండ. బడిలో థర్మామీటరు ఉంటే సరే. దాన్ని నీడలో, నేలకు కొంచెం ఎత్తులో, రోజూ ఒకే టైముకు చూడాలి. ఎండలో పెడితే అది గాలి వేడిని కాక తన వేడినే చూపిస్తుంది.

నాలుగు, మొక్క. ఇది మీరూ పిల్లలూ కలిసి చేసేది. ఇక్కడ సూపర్ మార్కెట్లో ‘కచాంగ్ హిజావు’ అని దొరికేవి మన పెసలే. ఊరి నుంచి విత్తనాలు తెప్పించకండి. పర్మిట్ లేకుండా విత్తనాలు తేవడం కుదరదు. ఖాళీ పెయింట్ డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి, అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి పది గింజలు వేయండి. హాస్టల్ కిటికీ దగ్గరో, క్వార్టర్స్ వెనకో పెట్టుకోండి. ముందుగా మండోర్‌కి ఒక మాట చెబితే మంచిది. ఇంటి దగ్గర పిల్లలు కూడా అదే రోజున పది పెసలు వేయాలి. ఎన్ని రోజులకు మొలిచాయి? పది రోజులకు ఎన్ని ఆకులు? ఎంత ఎత్తు? ప్రతి ఆదివారం చెప్పుకోండి. డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి చేసి చూడండి. ఊళ్లో ఆ రెండు నెలలకూ ఎంత తేడా వస్తుందో, ఇక్కడ ఎంత తక్కువ తేడా వస్తుందో తెలుస్తుంది. మలేసియాకూ మన ఊరికీ తేడా ఏమిటో పుస్తకం చెప్పనంత బాగా ఆ పెయింట్ డబ్బా చెబుతుంది.

ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా చేయొచ్చు. ఇంటి ముందు డురియనో, రంబుటానో, మామిడో ఉంటే చాలు. మలేసియా నేచర్ సొసైటీకి బడుల్లో ప్రకృతి క్లబ్బులున్నాయి. టీచర్‌ని అడిగితే దారి చూపిస్తారు.

ఇవి మాత్రం మర్చిపోవద్దు

చూడని రోజు చూసినట్టు రాయకూడదు. జ్వరమొచ్చింది, ఊరెళ్లాం, మర్చిపోయాం... ఏదైనా సరే, ఆ గడి ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడి వల్ల నష్టం లేదు. ఊహించి నింపిన గడి మొత్తం లెక్కను పాడుచేస్తుంది. మార్కుల కోసం కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి. పువ్వు రాలేదంటే అది తప్పు కాదు. ‘లేవు’ అన్నది కూడా జవాబే.

ఒక చెట్టు ఒక ఏడాది ముందే పూసిందని ‘వాతావరణం మారిపోయింది’ అనేయకూడదు. నీళ్లు, నేల, చెట్టు వయసు, పక్కన బోరు... చాలా కారణాలుంటాయి. మీ పెసలు బాగా పెరిగి పిల్లాడివి పెరగకపోతే అది మట్టి తేడా కూడా కావచ్చు. ఎక్కువ చెట్లు, ఎక్కువ ఏళ్లు, ఎక్కువమంది పిల్లలు కలిస్తేనే నిజం తేలుతుంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ చెట్లు ఎప్పుడు పూశాయో పన్నెండు వందల ఏళ్ల నాటి నుంచి రాతల్లో దొరుకుతోంది. అందుకే 2021 మార్చి 26న అవి పూర్తిగా విచ్చుకున్నప్పుడు, అంత ముందుగా పూయడం ఆ పన్నెండు వందల ఏళ్లలో ఇదే మొదలని ధైర్యంగా చెప్పగలిగారు. రాసినవాళ్లెవరో మనకు తెలియదు. వాళ్లు రాసిన తేదీలు మాత్రం మిగిలాయి.

ఇంకో మాట. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు చెట్టు కిందికీ, వాన సీసా దగ్గరికీ వెళ్లొద్దనండి. అక్కడా ఇక్కడా పిడుగులు ప్రాణాలు తీస్తున్నాయి. లెక్క రేపు చూసుకోవచ్చు.

బడిలో చెబితే ఇంకా మేలు

ఒక్క పిల్లాడు చేస్తే అలవాటు. తరగతి మొత్తం చేస్తే లెక్క. మన ప్రభుత్వ బడుల్లో జాతీయ హరిత దళం పేరుతో ఎకో క్లబ్బులున్నాయి. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ నడిచింది. పిల్లలు తమ ఊరి సమస్య మీదే ప్రాజెక్టు చేయడం దాని పద్ధతి. 2014, 2015ల్లో దానికి ఇచ్చిన అంశమే ‘వాతావరణాన్ని అర్థం చేసుకోవడం’. అంటే ఈ పని మన టీచర్లకు కొత్తేమీ కాదు. అడిగేవాళ్లు కావాలి. ఇంటావిడను ఒకసారి బడికి వెళ్లి సైన్సు టీచర్‌తో మాట్లాడమనండి. లేదంటే మీరే ఫోన్లో మాట్లాడండి. దూరదేశం నుంచి ఒక తండ్రి పిల్లాడి మార్కుల కోసం కాక, బడి ముందున్న వేపచెట్టు కోసం ఫోన్ చేస్తే ఏ టీచరైనా ఒక్క నిమిషం ఆగి వింటారు.

ఆరో తరగతిలో మొదలుపెడితే పదో తరగతి పూర్తయ్యేసరికి ఐదేళ్ల లెక్క చేతిలో ఉంటుంది. ఊరికి ఎన్ని వానలు ఎప్పుడొచ్చాయి, ఎన్ని రోజులు ఎండగట్టింది, మామిడి ఎప్పుడు పూసింది, పూత ఎప్పుడు రాలింది... అంతా తేదీలతో సహా. మీరు వెనక్కి వెళ్లి మళ్లీ పొలంలో దిగాలనుకుంటే అంతకన్నా పనికొచ్చే కాగితం మరొకటుండదు. మీరు ఊళ్లో లేని ఏళ్లలో ఊరికి ఏం జరిగిందో కూడా అందులో ఉంటుంది.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎప్పటిలాగే అడగండి, ‘వాన పడిందా?’ అని. ‘ఏదో పడిందిలే’ అని కాకుండా, అవతలి నుంచి ‘మొన్న మంగళవారం పద్దెనిమిది మిల్లీమీటర్లు నాన్నా, మన వేపకు మొగ్గలు కొన్ని’ అని వినబడితే, ఆ తర్వాత ఏం మాట్లాడాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.